మనం ఇవ్వని ఆదేశాలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాను. ఎక్కడ తప్పు జరుగుతోందో వెతికి పట్టుకోవడమే నా వృత్తి. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏఐ గురించి ఓ పావుగంట మాట్లాడు బాబూ" అన్నారు. అంత పెద్ద విషయం పావుగంటలో చెప్పలేను కాబట్టి, మన వాట్సాప్ గ్రూపులో తరచూ వచ్చే ఒక చిన్న ఫిర్యాదును తీసుకున్నాను. రిటైరైన మాస్టార్లు, టీచర్లు చాలామంది ఇప్పుడు నోటితో చెప్పి కంప్యూటరులో రాయించుకుంటున్నారు. వాళ్లంతా అనేది ఒకటే: "మేం చెప్పేది ఒకటి, అది చేసేది ఒకటి. రాయమంటే చెరిపేస్తోంది. అడక్కుండానే ఏదో కిటికీ తెరుస్తోంది."

దీనికి కారణం చెప్పే ముందు మనవాళ్లందరూ తెలుసుకోవలసిన పేరొకటి ఉంది. మాటను గుర్తించే కంప్యూటర్లకు పునాది వేసినవారిలో ఒకరు మన తెలుగువారు. డాక్టర్ రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందారు. తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం హియర్‌సే, హార్పీ అనే వ్యవస్థలను తయారుచేసింది. మన బడి మొదలైన రోజుల్లోనే, 1976లో, హార్పీ వెయ్యికి పైగా పదాలను గుర్తించగలిగింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి కూడా ఆయన అధ్యక్షులుగా పనిచేశారు. ఆయన దగ్గర పరిశోధన చేసిన జేమ్స్ బేకర్ 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టారు. ఆపకుండా మాట్లాడుతుంటే రాసుకుపోయే డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చింది ఆ కంపెనీ నుంచే.

హియర్‌సేతో నోటితో చదరంగం ఆడించారు. ఆటగాడు ఎత్తు చెబుతాడు. శబ్దం సరిగా వినపడకపోయినా, ఆ బల్ల మీద అప్పుడు ఏ ఎత్తులు వేయడానికి వీలుందో యంత్రానికి తెలుసు. వాటిలో ఏది దగ్గరగా ఉందో చూసి పట్టుకుంటుంది. అంటే యంత్రం కేవలం చెవితో వినదు. తాను ఎదురుచూస్తున్నదాన్ని వింటుంది. ఇదే దాని బలం. మన ఇబ్బంది కూడా ఇక్కడే మొదలవుతుంది.

మన బడి భాషలోనే చెబుతాను. గ్రౌండులో పి.టి. మాస్టారు "అటెన్షన్" అంటే కాళ్లు దగ్గరపెట్టి నిలబడాలి. అదే మాట ఇంగ్లిష్ మాస్టారు డిక్టేషన్‌లో చెబితే స్పెల్లింగు రాసుకోవాలి. పిల్లవాడికి తేడా ఎలా తెలుస్తుంది? తాను గ్రౌండులో ఉన్నాడో తరగతిలో ఉన్నాడో తెలుసు కాబట్టి. కంప్యూటరుకు ఆ రెండూ ఒకే చోట జరుగుతాయి. ఒకే మైకులో నుంచి రాయవలసిన మాటా వస్తుంది, చేయవలసిన ఆదేశమూ వస్తుంది. "డిలీట్" అనే పదం మీ వ్యాసంలో భాగమా, లేక చెరిపేయమని మీరిచ్చిన ఆదేశమా అన్నది అది ఊహించుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ ఊహకు పెద్ద ఆధారం మీరిచ్చే విరామం. ముందు కాస్త ఆగి, మాట చెప్పి, మళ్లీ ఆగితే అది ఆదేశం. వాక్యం మధ్యలో కలిసి వస్తే అది రాయవలసిన మాట.

ఇప్పుడు మాస్టార్ల ఫిర్యాదు చూడండి. పాఠం చెప్పి చెప్పి అలవాటైన గొంతు. ఒక్కో మాట నొక్కి, ఆగి, పిల్లలు రాసుకునేదాకా చూసి, మళ్లీ మొదలుపెడతారు. తరగతి గదిలో అది గొప్ప గుణం. కంప్యూటరుకు మాత్రం ఆ ఒంటరి మాట ఆదేశంలా వినిపిస్తుంది. కాబట్టి పదం పదంగా చెప్పకండి. వాక్యం మనసులో పూర్తిగా అనుకుని ఒక్క ఊపిరిలో చెప్పండి. ఆలోచించుకోవాలనుకుంటే వాక్యం చివర ఆగండి, మధ్యలో వద్దు.

రెండో కారణం శబ్దం. 2006 జులైలో మైక్రోసాఫ్ట్ వారు విస్టాలోని మాట గుర్తించే సదుపాయాన్ని నిపుణుల ముందు ప్రదర్శించారు. అమ్మకు ఉత్తరం రాయబోతే అత్తకు రాసింది. సరిదిద్దబోతే ఆ ఆదేశాలను కూడా ఉత్తరంలోనే రాసేసింది. హాలంతా నవ్వులు. మైకు నుంచి వచ్చే ధ్వని తీవ్రతను సర్దే భాగంలో లోపం ఉందని ఆ తర్వాత వాళ్ల ఇంజనీర్లే వివరించారు. భాష తెలియక జరిగిన తప్పు కాదది, చెవికి శబ్దం పగిలి చేరడం వల్ల జరిగింది. 2007 మొదట్లో ఇంకొకటి బయటపడింది. కంప్యూటరు స్పీకరులోంచి వచ్చే మాటలనే దాని మైకు విని, ఆదేశాలుగా తీసుకుని అమలు చేయగలదని తేలింది. మీరు యూట్యూబు పెట్టుకుని మైకు ఆపకపోతే ఇప్పటికీ ఇలా జరగవచ్చు.

ఇక పని చేయవలసిన క్రమం చెబుతాను. మేం ఆఫీసులో ఏ లోపాన్నయినా ఇలాగే వెతుకుతాం. ఒక్కసారి ఒక్కటే మార్చి చూస్తాం. నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మొదటిది, ఎవరు వింటున్నారో చూడండి. ఒకే కంప్యూటరులో ఇద్దరు ముగ్గురు వినేవాళ్లు ఉండవచ్చు. విండోస్‌లో వాయిస్ టైపింగ్ వేరు, వాయిస్ యాక్సెస్ వేరు. పాత విండోస్‌లలో ఉండే స్పీచ్ రికగ్నిషన్ ఇంకొకటి. బల్ల మీద ఫోను సరేసరి. ఒకదాన్నే ఉంచి మిగతావన్నీ ఆపండి. కంప్యూటరు తెరవగానే దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉంటే అది కూడా తీసేయండి.

రెండోది, మౌన పరీక్ష. ఖాళీ పేజీ తెరిచి, మైకు వేసి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. తెర మీద చిన్న చిన్న పదాలు వాటంతటవే పడుతుంటే అది మీ ఉచ్చారణ తప్పు కాదు. ఫ్యాను, కుక్కరు, వీధిలో ఆటో, లేదంటే మీ ఊపిరే. ల్యాప్‌టాప్‌లో ఉండే మైకు గదంతా వింటుంది. తలకు పెట్టుకునే హెడ్‌సెట్టు మైకు వాడండి. దాన్ని నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల పక్కగా ఉంచండి. సెట్టింగుల్లో నిజంగా ఆ మైకే ఎంచి ఉందో లేదో చూడండి. కొత్త హెడ్‌సెట్టు కొని, వైరు పెట్టి, పాత మైకుతోనే మాట్లాడుతున్నవారు చాలామంది కనిపిస్తారు.

మూడోది, తరగతి గదినీ గ్రౌండునూ విడదీయండి. విండోస్ 11లోని వాయిస్ యాక్సెస్‌లో రాత మాత్రమే జరిగే మోడ్, ఆదేశాలు మాత్రమే తీసుకునే మోడ్ విడివిడిగా ఉన్నాయి. పెద్ద వ్యాసం చెబుతున్నప్పుడు రాత మోడ్‌లో ఉండండి. డ్రాగన్‌లో కూడా ఇలాంటి మోడ్‌లున్నాయి. అందులో ఇంకో సౌకర్యం, షిఫ్ట్ మీట నొక్కి ఉంచి చెబితే రాత, కంట్రోల్ మీట నొక్కి ఉంచి చెబితే ఆదేశం.

నాలుగోది, నిద్రపుచ్చడం నేర్చుకోండి. ఎవరైనా ఇంటికొస్తే, ఫోను మోగితే ముందు మైకు ఆపండి. జరగరానిది జరిగితే కంగారుపడి అరవకండి. ఆ అరుపు కూడా ఆదేశమవుతుంది. మైకు ఆపి, కంట్రోల్‌తో జెడ్ నొక్కితే పోయినది చాలావరకు తిరిగి వస్తుంది.

ఐదోది, ఒక నోటుపుస్తకం. ఏ మాట చెప్పినప్పుడు ఏం జరిగిందో రాసుకోండి. వారం తిరిగేసరికి మిమ్మల్ని వేధిస్తున్నవి వంద కాదు, నాలుగైదు మాటలేనని మీకే తెలుస్తుంది. సొంతంగా ఆదేశాలు తయారుచేసుకున్నవారు వాటికి ఒక్క ముక్క పేర్లు పెట్టకండి. మామూలు మాటల్లో రాని రెండు మూడు పదాల పేరు పెట్టండి.

తెలుగు సంగతి వేరు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుతో సహా మరో ఎనిమిది భారతీయ భాషలకు నోటితో రాసే సదుపాయం ఇచ్చింది. గూగుల్ డాక్స్‌లో తెలుగులో చెప్పవచ్చు గానీ, ఆదేశాలు మాత్రం ఇంగ్లిష్‌లోనే పనిచేస్తాయి. ఒక రకంగా ఇది మేలే. తెలుగు ఎంచుకుని చెబితే అడగని ఆదేశాల బెడద అక్కడ ఉండదు. తప్పులు మిగిలితే అవి రాతలో ఉంటాయి. వాటికి భాషలోనే కారణముంది. "వెళ్లలేకపోయాడేమో" అన్నది మనకు ఒక్క పదం. ఇంగ్లిష్‌లో అదే భావానికి నాలుగైదు పదాలు కావాలి. ఒక క్రియ నుంచి మనం వందల రూపాలు పుట్టిస్తాం. వాటన్నిటినీ యంత్రం ముందే విని ఉండాలంటే ఎన్నో గొంతులు, ఎన్నో యాసలు కావాలి. 2018 సెప్టెంబరులో ఇంటర్‌స్పీచ్ అంతర్జాతీయ సదస్సు మన హైదరాబాద్‌లోనే, హెచ్‌ఐసీసీలో జరిగింది. అక్కడ తెలుగు, తమిళం, గుజరాతీ మాటలను గుర్తించే పోటీ పెట్టారు. సమాచారం తక్కువగా ఉన్న భాషలుగా పెట్టారు వాటిని. కోట్ల మంది మాట్లాడే తెలుగు ఆ జాబితాలో ఉండడం గురించి మనం ఆలోచించాలి.

ఇదంతా ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, కొందరికి ఇది సరదా కాదు. మా అంతస్తులో ఒక అమ్మాయికి మణికట్టు నొప్పి ముదిరి కీబోర్డు ముట్టుకోలేని స్థితి వచ్చింది. నోటితో పని మొదలుపెట్టింది. మాది గోడలు లేని హాలు, పక్కనే పదిమంది మాట్లాడుతుంటారు. పక్క సీటు అబ్బాయి ఫోనులో అన్న "సెండ్" అనే మాటను ఆమె కంప్యూటరు విని, సగం రాసిన మెయిలును పంపేసింది. ఆ వారమంతా ఆమె రాజీనామా గురించే మాట్లాడింది. మేం నలుగురం కూర్చుని ఇప్పుడు చెప్పిన క్రమంలోనే వెతికాం. హెడ్‌సెట్టు మార్చాం, రాత మోడ్ పెట్టాం, మెయిలు పంపే పనిని ఆదేశాల నుంచి తీసేసి మౌసుకే వదిలాం, ఆమె బల్లను మూలకు మార్పించాం. వీటిలో పెద్ద ఖర్చు ఏదీ లేదు. ఆమె ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉంది. దివ్యాంగుల హక్కులపై 2016లో వచ్చిన చట్టం ఇలాంటి తగిన సర్దుబాట్ల గురించే మాట్లాడుతుంది. ఇక్కడ సంస్థలు నడుపుతున్న పూర్వ విద్యార్థులున్నారు. మీ దగ్గర ఎవరైనా ఇలా అడిగితే, సాఫ్ట్‌వేర్ పనికిరాదని తేల్చేయకుండా ఒక్క వారం సమయమివ్వండి.

చివరిగా ఒక విన్నపం. మన గురువుల్లో చాలామందికి ఇప్పుడు కలం పట్టడం కష్టంగా ఉంది. చేతులు వణుకుతున్నాయి, చూపు తగ్గింది. యాభై ఏళ్ల బడి చరిత్ర వాళ్ల నోట్లో ఉంది, కాగితం మీద లేదు. రేకుల షెడ్డులో నడిచిన మొదటి తరగతులు, ఫీజు కట్టలేని పిల్లల కోసం వాళ్లు పడ్డ పాట్లు ఏ రిజిస్టరులోనూ దొరకవు. ప్రతి బ్యాచి నుంచి ఒకరు ఒక మాస్టారి ఇంటికి వెళ్లండి. మంచి హెడ్‌సెట్టు తీసుకెళ్లండి. మొదటి గంట కథ అడగకండి, మౌన పరీక్ష చేయండి, మైకు సర్దండి, ఆ ఇంటి శబ్దాలు తెలుసుకోండి. ఆ తర్వాత వాళ్లను చెప్పనివ్వండి. పక్కన కూర్చుని తప్పులు దిద్దండి. రాతతో పాటు గొంతు కూడా రికార్డు చేసి దాచండి. రాత తప్పితే గొంతు విని సరిచేసుకోవచ్చు. గొంతు పోతే దేన్ని చూసి సరిచేసుకుంటాం?

ఈ పనికి నా వంతుగా ప్రతి నెలా రెండో శనివారం నేను సిద్ధంగా ఉంటాను. పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి.