వొకే బుట్ట, యిద్దరి చేతులు

(సంఘం మాస సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పండితులం కాము. పదవ తరగతి ప్యాసయి రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాళ్లం. వేదిక యెక్కి మాట్లాడే అలవాటు లేదు. "మీకు తెలిసిన యింటి విషయం యేదైనా చెప్పండి, చాలు" అని కార్యదర్శిగారు అన్నారు గనుక, ఆలుమగలు ఫోనులో వొకే బుట్ట పెట్టుకుని సామాన్లు కొనటం అనే విషయం తీసుకున్నాము. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ యీ విషయమై యింట్లో వొక్కసారి కూడా మాటా మాటా అనుకోనివారు చేయెత్తండి అంటే యెన్ని చేతులు లేస్తాయో చూడాలని మాకు వున్నది.

పెద్దవాళ్ల కోసం ముందుగా వొక మాట. ఫోనులో అంగడి తెరిచి, కావలసిన వస్తువు పక్కన మీట నొక్కితే అది వొక తోపుడు బండిలో పడినట్లు బొమ్మ చూపిస్తుంది. దానినే కార్టు అంటారు. మనం బుట్ట అందాము. అసలు బండి అమెరికాలో పుట్టింది. 1937లో ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే పచారీ వ్యాపారి, చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనటం ఆపేస్తున్నారని గమనించి, బుట్టలకు చక్రాలు తగిలించాడు. యింట్లో కూర్చుని మీట నొక్కి సరుకులు తెప్పించుకోవటం 1984లో ఇంగ్లండులో జరిగింది. గేట్స్‌హెడ్ అనే వూళ్లో జేన్ స్నోబాల్ అనే 72 యేళ్ల అవ్వ టెలివిజను పెట్టె ద్వారా కోడిగుడ్లూ, మార్గరీనూ, కార్న్‌ఫ్లేక్సూ ఆర్డరు యిచ్చింది. కాబట్టి యిది కుర్రకారు విద్య అని పెద్దలు వెనుకాడనక్కరలేదు.

మన దేశంలో ఫ్లిప్‌కార్టు 2007లో బెంగుళూరులో పుస్తకాలతో మొదలయింది. అంతకు ముందే, 2002లో, రైలు టిక్కెట్లు ఇంటర్నెట్టులో అమ్మినది మన రైల్వేవారే. యీ మాట చెప్పుకోవటంలో మాకు కొంచెం గర్వం వున్నది, క్షమించండి.

యింతకు పూర్వం యేముండేది? చీటీ వుండేది. జీతాల రోజున అమ్మ వంటింట్లోంచి చెబుతుంటే నాన్న రాసేవారు. కందిపప్పు యింత, చింతపండు యింత, ఆవాలు, మెంతులు. ఆ చీటీ జేబులో వేసుకుని నాన్న కొట్టుకు వెళ్లేవారు. దారిలోనో, కొట్టు బల్ల ముందరో జీడిపప్పు మీద వొక గీత పడేది. అమ్మకు ఆ సంగతి మూట విప్పినప్పుడు తెలిసేది. "దొరకలేదే" అనేవారు నాన్న. కొత్తవాల్ చావిడి పక్కనే వుండి జీడిపప్పు దొరకకపోవటమేమిటని అమ్మ అడిగేది కాదు. (ఆ చావిడి బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయింది. చిన్నవాళ్లకు పేరు కూడా తెలియదు.)

యిప్పుడు ఆ చీటీ యిద్దరి చేతుల్లోనూ వున్నది. వొకే నంబరుతో రెండు ఫోన్లలోనూ అంగడి తెరిస్తే బుట్ట వొక్కటే. ఆవిడ వంటింట్లోంచి నూనె వేస్తే, మేము ఆఫీసు క్యాంటీనులో కూర్చుని దానిని చూడవచ్చు. వేరు వేరు బుట్టలు పెట్టుకుంటే కూలీ రెండుసార్లు పడుతుంది. యింత మొత్తం దాటితే తెచ్చి యిచ్చినందుకు రుసుము లేదంటారు గనుక, కలిపితేనే లాభం. అందుకనే మన యిళ్లలో చాలావరకు వొక్క బుట్టే నడుస్తున్నది.

అయితే వొక సంగతి తెలుసుకోవాలి. బుట్టలో వేసినంత మాత్రాన వస్తువు మనది కాదు. డబ్బు కట్టేదాకా ధరా ఆగదు, సరుకూ ఆగదు. సోమవారం వేసిన చీర గురువారం నాటికి మరొక ధర చెప్పవచ్చు, లేదా లేనే లేదనవచ్చు. ఆలోచించుకుందామని భర్త నాలుగు రోజులు వూరుకుంటే, వద్దనక్కరలేకుండానే పని జరిగిపోతుంది. కొందరు మగవాళ్లు యీ వుపాయం కనిపెట్టారని మాకు అనుమానం.

మా కాలనీలో వొకాయన వున్నాడు. నెమ్మదస్తుడు. భార్యను యెదురుగా "వద్దు" అన్న పాపాన పోలేదు. ఆవిడ పగలు బుట్టలో వేసినవాటిలో తనకు దండగ అని తోచినవి రాత్రి పడుకునే ముందు చడీ చప్పుడు లేకుండా తీసేసేవాడు. ఆవిడ స్టీలు ఇడ్లీ పాత్ర మూడుసార్లు వేసింది, మూడుసార్లూ మాయమయింది. ఫోను చెడిపోయిందనుకుని బాగుచేసే కొట్టుకు పట్టుకెళ్లింది. ఆ కుర్రవాడు అటూ యిటూ చూసి, "అక్కా, ఫోను బాగానే వుంది. వేరే యెవరో తీస్తున్నారు" అన్నాడు. ఆ యింట్లో తరువాత రెండు వారాలు యేం జరిగిందో మేము చెప్పము. ఇడ్లీ పాత్ర మాత్రం వచ్చింది.

ఆవిడ బాధపడినది పాత్ర కోసం కాదు. నాన్న చీటీ మీద గీసిన గీతలో వొక అబద్ధమైనా వుండేది, "దొరకలేదు" అని మొహం చూసి చెప్పేవారు. యిక్కడ ఆ మాట కూడా లేదు. పెళ్లయి పదకొండేళ్లయినవాడు వొక మాట అడగటానికి బద్ధకించాడు.

మా శాఖలో సింగిల్ లైను మీద బండి నడిపే పద్ధతి వొకటి వున్నది. రెండు స్టేషన్ల మధ్య వొకటే పట్టా వున్నప్పుడు, యీ వైపు స్టేషను మాస్టరు ఆ వైపు మాస్టరును అడిగి "లైన్ క్లియర్" తీసుకున్న తరువాతనే బండి వదులుతాడు. అడగకుండా వదిలితే రెండు బళ్లూ యెదురెదురు. గమనించవలసినది యేమిటంటే, ఆ యిద్దరిలో యెవరూ యెవరికీ పై అధికారి కాడు. యీ పద్ధతినే మా యింటికి తెచ్చుకున్నాము. వంటింటి సరుకుకు అడగనక్కరలేదు. వెయ్యి రూపాయలు దాటిన వస్తువైతే, యెవరు వేసినా సరే, రెండవవారి దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. వొకరు వేసినదానిని మరొకరు తీసేయకూడదు. మరీ కుదరదనిపిస్తే "తరువాతకు దాచు" అనే మీట వున్నది, అందులో పెట్టి ఆ పూటే చెప్పాలి. మా ఆవిడ నెలకొకసారైనా "మాస్టరుగారూ, లైన్ క్లియరా?" అని ఆఫీసుకు ఫోను చేస్తుంది. పక్క సీటువాళ్లు నవ్వుకుంటారు.

పరాయి రాష్ట్రంలో వున్న మనవంటివాళ్లకు యీ బుట్ట మరొక మేలు చేసింది. మా ఆవిడ ఒంగోలు వైపునుంచి పెరంబూరుకు కాపురానికి వచ్చినప్పుడు అరవం వొక్క ముక్క రాదు. గోంగూర అంటే యెవరికీ తెలియదు, పుళిచ్చ కీరై అనాలి. మెంతికూర అంటే తెలియదు, వెందయ కీరై అనాలి. కూరల బండి అమ్మ దగ్గర మూడు నెలలు తిట్లు తిని నేర్చుకున్నది. 2020లో ఫ్లిప్‌కార్టూ, అమెజానూ కూడా తమ అంగళ్లను తెలుగులో తెరిచాయి. యిప్పుడు వచ్చే కొత్త కోడళ్లకు ఆ కష్టం లేదు. కాకపోతే ఆ కూరలమ్మతో స్నేహమూ లేదు. నాలుగేళ్లుగా యిక్కడ వుండి, పక్కింటి అరవ ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడలేని ఆడపిల్లలను చూస్తున్నాము. దీనికి బుట్టను తప్పు పట్టలేము గానీ, మనసుకు కొంచెం కష్టంగా వున్నది.

యిప్పుడు అసలు సంగతికి వస్తాము. బుట్ట యిద్దరిదీ సరే, ఆఖరి మీట యెవరిది? 2009 ఆగస్టునుంచి, కార్డుతో ఇంటర్నెట్టులో కొనేటప్పుడు మరొక ధ్రువీకరణ కూడా వుండాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. దొంగల నుంచి కాపాడటానికి అది మంచిదే. కానీ మన యిళ్లలో ఖాతా భర్త పేర, కార్డు భర్త పేర, ఆ ఓటీపీ అంకెలు వచ్చే ఫోను భర్త జేబులో. భార్య బుట్ట నిండా నింపి, చివరకు "ఓటీపీ యెంతండీ?" అని అడగాలి. ఆయన మీటింగులో వుంటే ఆగాలి. చిరాకులో వుంటే వినాలి.

మాకు తెలిసిన వొక కుటుంబంలో ఆయనకు డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ యిద్దరు పిల్లలతో యింట్లో వున్నది. పాలూ, బియ్యమూ, పిల్లలకు బిస్కట్లూ బుట్టలో వేసింది. అంకెలు ఆసుపత్రిలో వున్న ఫోనుకు వెళ్లాయి. ఆ ఫోను చార్జి అయిపోయి మంచం కింద సంచీలో వుంది. సరుకు వచ్చాక రొక్కం యిద్దామంటే యింట్లో రొక్కం లేదు, అంతా ఫోనులోనే. చివరకు వీధి చివర అణ్ణాచ్చి కొట్టుకు వెళితే, ఆయన యే అంకెలూ అడగకుండా పుస్తకంలో రాసుకుని సామాను యిచ్చాడు. ఆ నెల సంపాదన వున్న యింట్లో ఆ యిల్లాలు అప్పు చేసి పిల్లలకు అన్నం పెట్టింది.

"అంకెలు భార్యకు చెబితే పోతుంది కదా, పిన్ను కూడా చెబితే సరి" అని మీరనవచ్చు. బెంగుళూరులో జరిగిన వ్యవహారం వినండి. 2013 నవంబరులో వొక బాలింత, కదలలేని స్థితిలో, తన కార్డూ పిన్నూ భర్తకు యిచ్చి 25,000 రూపాయలు తెమ్మన్నది. యంత్రం చీటీ యిచ్చింది, డబ్బు యివ్వలేదు. ఖాతాలో మాత్రం తగ్గిపోయింది. బ్యాంకువారు, కార్డు వొకరిది మరొకరు వాడరాదు, పిన్ను చెప్పటమే నిబంధనకు విరుద్ధం, కాబట్టి డబ్బు రాదన్నారు. ఆవిడ వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. 2018 మే నెలలో ఫోరం బ్యాంకు మాటే నిలబెట్టింది. అనగా చట్టం దృష్టిలో, పిన్ను దగ్గర ఆలుమగలు యిద్దరు పరాయివాళ్లు.

మరి దారి యేమిటంటే, దొంగదారి కాక రాజమార్గమే పట్టటం. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరిస్తే యిద్దరికీ చెరొక కార్డు, చెరొక పిన్ను వస్తాయి. ఫోను చెల్లింపులకు 2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ అని వొక యేర్పాటు వచ్చింది. ఖాతావున్నవారు తమవారిని చేర్చుకుని, ప్రతిసారీ తామే అనుమతించవచ్చు, లేదా నెలకు 15,000 రూపాయల లోపు హద్దు పెట్టి, ఆ హద్దులో తమను అడగకుండానే చెల్లించమనవచ్చు. రెండవ పద్ధతిలో వొక చెల్లింపుకు 5,000 దాటకూడదని పెట్టారు. పిన్ను యెవరికీ చెప్పే పని లేదు. అయితే అందులో వొకరిని ప్రైమరీ అనీ, మరొకరిని సెకండరీ అనీ రాశారు. మా ఆవిడ అది చదివి, "యింట్లో వున్న వరసే ఫోనులోకీ యెక్కిందన్నమాట" అన్నది. మేము ఉమ్మడి ఖాతా తెరిచాము.

తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు 15న యిల్లాండ్రకు నెలకు 1,000 రూపాయలు వారి ఖాతాలోనే వేసే పథకం మొదలుపెట్టినప్పుడు, దానికి సహాయం అని కాక హక్కు సొమ్ము అని పేరు పెట్టింది. మావంటి సర్కారు వుద్యోగుల యిళ్లకు అది వర్తించదు. కానీ ఆ పేరు మీద మా యింట్లో వొక రాత్రి చాలాసేపు చర్చ జరిగింది. దాని ఫలితంగా, ఉమ్మడి ఖాతాలోంచి నెలకు కొంత మొత్తం ఆవిడ సొంత ఖాతాకు వెళుతున్నది. అంతే మొత్తం మా చేతి ఖర్చుకు. ఆ సొమ్ముతో కొన్నదానికి లైన్ క్లియర్ లేదు, వేరే బుట్ట. ఆవిడ ఒంగోలులో వాళ్ల అమ్మకు మిక్సీ పంపినా, మేము మా అన్నయ్యకు చొక్కా పంపినా అందులోంచే. పెళ్లిరోజుకు యేమి కొన్నామో ముందుగా బయటపడదనే చిన్న సౌకర్యం కూడా వున్నది. అంతా కలిసే వుండాలి, దాపరికం వుండకూడదని వాదించే పెద్దలు యీ సభలోనే వున్నారు. వారితో మేము యేకీభవించము. తల్లికి మిక్సీ కొనటానికి కారణం చెప్పుకోవలసి రావటం ఆవిడకు యెంత చిన్నతనమో, వారు తమ యింట్లోనే వొకసారి అడిగి చూడవచ్చు.

యీ వెయ్యి రూపాయల హద్దు మాకు సరిపోయింది, మీ యింటికి వేరే అంకె కావచ్చు. యింతకంటె మంచి పద్ధతి తెలిసినవారు సభ అయ్యాక మాతో చెప్పండి, రాసుకుంటాము. దూరంనుంచి వచ్చినవారికి లోకల్ బండి వేళ అవుతున్నది. సెలవు.