రాత్రివేళ కదిలిన దీపము

ఈ ఉదయము మత్తయి సువార్త 14వ అధ్యాయము 22 నుండి 33 వచనములను ధ్యానించుకుందాము. దానికి ముందు నా జీవితములోని ఒక సంగతి మీతో ఒప్పుకోవాలి.

నేను పుట్టి పెరిగినది రోలుగుంట. 2022 నుండి అది అనకాపల్లి జిల్లాలో ఉన్నది గాని, నా చిన్నతనములో విశాఖపట్నం జిల్లాయే. మొన్న పాత ఇల్లు సర్దుతుండగా అటకమీది ట్రంకుపెట్టెలో నా ఆరవ తరగతి నోటుపుస్తకము దొరికినది. వెనుక పేజీలలో నేను వ్రాసిన దయ్యము కథ ఉన్నది.

ఆ రోజులలో చందమామలో బేతాళ కథలు చదివి దుప్పటి ముసుగు పెట్టేవాణ్ణి. పెద్దవాళ్లు యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' నవల గురించి, చేతబడి గురించి మాట్లాడుకొంటుంటే చెవులు రిక్కించి వినేవాణ్ణి. ఆ భయములన్నీ కలిపి కథ అల్లాను. ఊరి చివర చింతచెట్టు దగ్గర ఒంటరి ముసలమ్మ; అర్ధరాత్రి లాంతరు పట్టుకొని తిరుగుతుంది, చిల్లంగి పెడుతుంది, పసిబిడ్డలను మింగుతుంది. ఆమె కల్పన కాదు. మా ఊరిలో నిజముగా ఉన్న విధవరాలు. కథలో పేరు కూడ మార్చలేదు.

పిల్లలందరు ఆ పుస్తకము చేతులు మార్చుకొని చదివారు. నాకెంతో గొప్పగా ఉండినది. తరువాత ఆమె వీధిలోకి వస్తే రాళ్లు వేసి పరుగెత్తేవారు. ఒక రాయి నేనూ వేశాను. కొన్నాళ్లకు ఆమె గుడిసెకు తాళము వేసి వెళ్లిపోయినది. మరల రాలేదు.

ఆ కథ అమ్మకు చదివి వినిపించాను, నవ్వుతుందనుకొని. అమ్మ నవ్వలేదు. "ఆవిడ మంత్రసాని నాయనా. నొప్పులొచ్చిన ఇంటికి రాత్రిపూట లాంతరు పట్టుకొని వెళ్లేది. నువ్వు పుట్టిన రాత్రి ఆ లాంతరే మనింటికొచ్చింది. తరవాత ఎవరింట్లోనో బిడ్డ దక్కలేదు, ఆ నింద ఆవిడ మీద పడింది. నీ కథ దానికి తోడయింది. తెలిసి కూడా నేను తలుపేసుకున్నాను" అన్నది.

ప్రియులారా, శిష్యుల సంగతి చూడండి. రాత్రి నాలుగవ జాము, అనగా తెల్లవారుజామున మూడు గంటలు దాటిన వేళ, ఎదురుగాలి. నీళ్లమీద నడచి వచ్చేవానిని చూచి భూతమని కేకలు వేశారు. ఆయన ఎవరు? అంతకుముందు సాయంకాలమే వారి చేతికి రొట్టె అందించినవాడు! భయము ఎరిగిన ముఖమును కూడ మరుగుచేస్తుంది. ఆదుకొనుటకు వచ్చేవారినే దయ్యముగా చూపిస్తుంది. ఆయన మాట విన్నప్పుడే వారి భయము తీరినది. నేనైతే ఆ మామ్మ మాట వినేంత దగ్గరకు ఎన్నడూ వెళ్లలేదు.

చిల్లంగి నెపముతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన ఉత్తరాంధ్రలో ఎన్నో విన్నాము. సహోదరీ, నీ బిడ్డకు జ్వరము వస్తే రక్తపరీక్ష చేయించు. మలేరియా దోమకాటు వలన వస్తుంది, పొరుగింటి ముసలమ్మ చూపు వలన కాదు. సహోదరుడా, అబద్ధసాక్ష్యము కోర్టులోనే కాదు, రచ్చబండ మీద కూడ పలుకుతాము. నీ వీధిలో ఎవరినైనా అలా అంటుంటే మౌనముగా తలుపు వేసుకొనవద్దు. వెళ్లి ఆమె అరుగుమీద కూర్చో.

ఆమెను క్షమాపణ అడిగే అవకాశము నాకు లేదు. ఆ కథ క్రింద ఆమె నిజముగా ఎవరో వ్రాసి పెట్టాను. మీకింకా సమయమున్నది.

ప్రార్థించుకుందాము. ప్రభువా, మేము దయ్యములుగా చేసిన మనుషుల ముఖములను మాకు తిరిగి చూపించుము. ఆమేన్.