సేదతీర్చు కూడు

పగలెల్ల చేనిలో పాటుపడి పొద్దుగ్రుంకువేళకు ఇల్లు చేరినవానికి ఏమి తిన్నచో, ఏమి త్రాగినచో ప్రాణము కుదుటపడునని నన్నెవరైన అడిగిన, నేను పంచభక్ష్యముల మాట యెత్తను. ముంతెడు పలుచని మజ్జిగ చాలునందును. అందులో రెండు ఉప్పుగల్లులు, నలిపిన దబ్బాకు ఒకటి. అది త్రాగి, నులకమంచముపై ఒక గడియ మేను వాల్చిన పిమ్మట గదా తక్కిన యాకలి మాట! శ్రోతలైన పెద్దలలో పలువురు దీనికి తలయూపుదురని యెరుగుదును. కాని ఆ ముంత మన చేతికి ఎవరు తెచ్చియిచ్చిరో, వారెక్కడినుండి వచ్చి యిచ్చిరో ఆ క్షణమున మనమెవ్వరమును తలపము. నేనీ సాయంకాలము చెప్పదలచినది ముఖ్యముగా దానిని గూర్చియే.

మాది చిలకలూరిపేట చుట్టుపట్టులనున్న నల్లరేగడి సీమ. పూర్వము గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరినది. ప్రత్తియు మిరపయు ఈ నేలకు సొత్తు. నేడు ఇంటింట వరియన్నమే వండుచున్నారు గాని నా చిన్ననాట అట్లు గాదు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. అంతవరకు మా మెట్టయూళ్లలో వరియన్నము పండుగనాడును, చుట్టము వచ్చిననాడును మాత్రమే. తక్కిన దినములలో జొన్నకూడో, కొఱ్ఱకూడో.

శ్రీనాథమహాకవి మాకు చేరువనున్న కొండవీటిలో రెడ్డిరాజుల యాస్థానమున నుండినవాడు. ఆయన పల్నాటికి పోయి, వరియన్నము దొరకక, జొన్నకూటిని ఎగతాళి చేసెనని చెప్పెడి చాటువులు మీరెరుగనివి కావు. మహాకవితో వాదమునకు దిగను గాని, ఆయన అతిథియై వచ్చినవాడే గాని గొర్రు తోలి అలసి వచ్చినవాడు కాడు. పైగా ఆయన కాలమునకు మిరపకాయ మన దేశమున అడుగిడనేలేదు. అమెరికా ఖండమున పుట్టిన యా పంట 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలమీద వచ్చినది. పండుమిరపకాయల పచ్చడి లేకయే ఆయన జొన్నకూడు తినెనన్నమాట! కావున ఆ నింద కొంతవరకు క్షమింపదగినదే.

ఆ మిరపకాయ కోతలు పుష్యమాఘములనుండి చైత్రము దాక సాగును. తెల్లవారి వంగిన నడుము సాయంకాలమునకు గాని లేవదు. పండుకాయ త్రుంచి త్రుంచి వ్రేళ్లు మండును. ఎన్ని నీళ్లు పోసినను ఆ మంట చల్లారదు. ఆ చేయి పొరపాటున కంటికి తగిలెనా, ఇక చెప్పనక్కరలేదు. మా యమ్మ ఉదయమున చేతులకు ఆముదము రాచికొని పోయెడిది. సాయంకాలము వచ్చి పెరటిలో పుల్లమజ్జిగతో కడిగికొనెడిది. ఇదేమి వైద్యమని నేను నవ్వితిని గూడ. కారణము తరువాత తెలిసినది. మిరప ఘాటునకు మూలము క్యాప్సైసిన్ అను పదార్థము. అది పుట్టునది గింజలలో గాదు, గింజలనంటియుండు తెల్లని పొరలో. అది నీటిలో కరగదు, నూనెలో కరగును. పాలలోను పెరుగులోను ఉండు కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టి యీడ్చుకొనిపోవును. మన నరములలో వేడి సోకినపుడు మేలుకొనెడి గ్రాహకమునే ఇదియును తట్టిలేపునని డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1997లో కనుగొనెను. ఆయనకు 2021లో నోబెల్ బహుమానమున భాగము లభించెను. కాయకోసిన చేయి నిప్పువలె మండుచున్నదనుట ఉపమానము కాదు. ఆ నరములకు అది నిప్పే.

ఆ చేతులతోనే ఆమె పొయ్యి రాజవేయవలెను. ఇది నేను చిన్నతనమున ప్రతిదినము చూచియు చూడనిది. మా నాయన మంచముపై కూర్చుండెడివాడు, మజ్జిగముంత వచ్చెడిది. పిమ్మట స్నానమునకు వేడినీళ్లు, ఆ పిమ్మట జొన్నకూడు, పప్పు, రోట నూరిన పచ్చడి. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనయు పగలెల్ల చేనిలోనే యుండెను. కాని ఒకే చేనిలో ఒకే పొద్దు పనిచేసి వచ్చిన యిద్దరిలో ఒకరి బడలిక మంచముమీద తీరుచుండగా, రెండవవారి బడలిక పొయ్యికడ పెరుగుచుండెడిది. అందరును తినిన పిమ్మట ఆమె వేడికూడు ముట్టెడిది కాదు. మూలనున్న తరవాణికుండ మూత తీసెడిది.

తరవాణి సంగతి నేటి పిల్లలకు తెలియదు. కూడు వార్చిన గంజిని మట్టికుండలో పోసి, ఉప్పు వేసి, కదలింపక యుంచిన ఒకటి రెండు దినములలో పులియును. మిగిలిన కూడు అందులో వేసిన మరునాటికి చల్లగా, పుల్లగా నుండును. పైన దబ్బాకో నిమ్మాకో వేయుదురు. పాలను తోడుపెట్టు జాతి సూక్ష్మజీవులే ఇందును పులుపు పుట్టించును. చెమటతో పోయిన నీరును ఉప్పును తిరిగి మేనికి చేరును. నంజుకొనుటకు ఉల్లిపాయ, లేదా మజ్జిగలో ఊరవేసి యెండబెట్టిన చల్లమిరపకాయ. కుండను పూర్తిగా ఖాళీచేయరు. అడుగున కొంత యుంచి దానిమీదనే క్రొత్తగంజి పోయుదురు. పోతన భాగవతమున బాలకృష్ణుడు గోపబాలురతో చల్దులారగించు ఘట్టము చదివినపుడెల్ల నాకు ఆ కుండయే తలపునకు వచ్చును. ఆకలివేళకు ఎవ్వరును నిప్పుకడ కూర్చుండ నక్కరలేకుండ చేతికందుటయే చల్ది గొప్పతనము.

అమ్మకు తరవాణి మిక్కిలి ఇష్టమని మేము పిల్లలమనుకొనెడివారము. ఆమె చివరికాలమున ఒకనాటి రాత్రి నా భార్య వేడియన్నము, కందిపొడి, నేయి వడ్డించినది. రెండు ముద్దలు తిని, చల్లకూడున్నదా యని యడిగినది. అంత యిష్టమా యంటిని. "ఇష్టమేమిట్రా? ఆ వేళకు నమిలే ఓపిక ఉండేది కాదు. అట్లా అలవాటయింది" అనినది.

బడలిక తీరుటకని మగవారు పట్టిన మరియొక దారి కలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. కూలిడబ్బు సారాయంగడిలో పోసి వచ్చినవాని అలసట మాయము కాలేదు, ఇల్లాలి నెత్తికెక్కినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమాయెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలెను. తరువాతి కథ మీ వీధులలో మీరు చూచుచున్నదే. దానితో పోల్చిన తేనీరు సాధువు. నాకు దానిపై పగలేదు గాని, రాత్రి నిద్ర చెరుచునది బడలిక తీర్చునదెట్లగునో నాకు బోధపడదు.

నేటికిని కోతకాలమున తెల్లవారకముందే స్త్రీలు ఆటోలలో కిక్కిరిసి చేలకు పోవుచున్నారు. కర్నూలు వైపునుండి కుటుంబములతో వలసవచ్చువారును కలరు. పగలెల్ల కాయకోసి, చీకటిపడువేళ చేనిప్రక్కన మూడురాళ్ల పొయ్యిమీద వండుకొనుచుందురు. ఐక్యరాజ్యసమితివారు 2023ను చిరుధాన్య సంవత్సరముగా జరిపిన పిమ్మట జొన్నకు పట్టణములలో గౌరవము హెచ్చినది. మా యమ్మ వినియుండిన నవ్వియుండును.

మా యింట తరవాణికుండ చాలకాలము లేదు. మిగిలిన యన్నమును మా కోడలు ఫ్రిజ్జులో పెట్టును. ఆ చలికి పులుపు పుట్టదు. నిరుడు వేసవిలో నేనే ఒక మట్టికుండ తెచ్చితిని. రాత్రి యన్నములో పాలు పోసి, చేమిరి వేసి మూతపెట్టుట నా పనియైనది. డెబ్బది దాటిన పిమ్మట నేర్చిన తొలివంట యిది. మొదటినాడు చేమిరి యెక్కువై, మనుమడు ముక్కు మూసికొనెను. ఇప్పుడు పాళ్లు కుదిరినవి. కోడలు బడిలో పాఠములు చెప్పి సాయంకాలము వచ్చువేళకు ముంతెడు మజ్జిగ చిలికి గడపకడ నుంచుచున్నాను. మొదట రెండుమూడు దినములు ఆమె సిగ్గుపడి, "మీరెందుకు మామయ్యగారూ, నేను తెచ్చుకొందును గదా" యని లోపలికి పోయెడిది. ఇప్పుడు చెప్పులు విడిచి, అరుగుమీద కూర్చుండి త్రాగుచున్నది.