ఉద్యోగం, సంసారం, డాక్టరేట్: ఒక నర్సు వారం లెక్క



ఈనాటి ప్రసంగంలో మనం ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ, ఇంట్లో పిల్లల్ని పెంచుతూ, ఒక నర్సు డాక్టరేట్ చదవాలనుకుంటే అది ఎలా సాధ్యమవుతుంది? మీలో కొందరు నర్సింగ్ చదువుతూ ఉండవచ్చు. కొందరి అమ్మగారో, అక్కయ్యో, వదినగారో నర్సు కావచ్చు. ఏ వృత్తిలోనైనా సరే, పని చేసుకుంటూ చదవాలనుకునే వారందరికీ ఈ లెక్క పనికొస్తుంది.

ముందుగా నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరో తెలుసుకుందాం. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ఒక కొత్త శిక్షణ ప్రారంభించారు. పల్లెల్లో పిల్లలకు వైద్యులు అందుబాటులో లేని రోజులవి. అనుభవమున్న నర్సుకు మరింత శిక్షణ ఇస్తే రోగిని పరీక్షించడం, వ్యాధిని గుర్తించడం, చికిత్స సూచించడం చేయగలదని వారు నిరూపించారు. నేడు అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలలో నర్స్ ప్రాక్టీషనర్లు స్వతంత్రంగా పనిచేయవచ్చు. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో మాత్రం వైద్యునితో ఒప్పందం ఉండాలి.

ఈ వృత్తికి సంబంధించిన డాక్టరేట్ పేరు డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. క్లుప్తంగా డి.ఎన్.పి. అంటారు. ఇది పిహెచ్.డి. వంటిది కాదు. పిహెచ్.డి. చేసేవారు కొత్త విషయాన్ని పరిశోధించి కనుగొంటారు. డి.ఎన్.పి. చేసేవారు తెలిసిన విషయాన్ని రోగి మంచం దాకా తీసుకువస్తారు. ఉదాహరణకు, గుండె జబ్బుతో డిశ్చార్జి అయినవారు నెల తిరగకుండా మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారనుకోండి. దానిని తగ్గించే పద్ధతిని ఒక వార్డులో అమలు చేసి, ఫలితాన్ని కొలిచి చూపడం వారి ప్రాజెక్టు అవుతుంది.

ఇక అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. బి.ఎస్సి. నర్సింగ్ తరువాత డి.ఎన్.పి. పూర్తయ్యేలోపు కనీసం 1000 గంటలు పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ పొందాలి. మాస్టర్స్‌లో చేసిన గంటలు కూడా ఇందులో కలుస్తాయి. సాధారణంగా ఈ గంటలకు జీతం ఉండదు. మామూలు ఉద్యోగపు డ్యూటీని వీటి కింద చూపించడానికి వీలుండదు. శిక్షణ ఇచ్చే అనుభవజ్ఞులను విద్యార్థులే వెతుక్కోవాలని చెప్పే కళాశాలలు కూడా చాలా ఉన్నాయి.

ఒక ఊహా చిత్రం తీసుకుందాం. హైదరాబాదులో బి.ఎస్సి. నర్సింగ్ చదివి, ఎన్‌క్లెక్స్ పరీక్ష ఉత్తీర్ణురాలై, అమెరికాలో నర్సుగా పనిచేస్తున్న ఒక తెలుగు అమ్మాయి. భర్త ఉద్యోగి. ఇద్దరు చిన్నపిల్లలు. ఆమెకు వారానికి ఉన్నవి 168 గంటలు. అవి ఎవరికైనా అంతే.

వారానికి పన్నెండేసి గంటల డ్యూటీలు మూడు, అంటే 36 గంటలు. రాకపోకలకూ, రోగుల వివరాలు అప్పగించడానికీ 6 గంటలు. క్లినికల్ శిక్షణకు 16 గంటలు. చదువుకూ, రాతపనికీ 15 గంటలు. రోజుకు 7 గంటల చొప్పున నిద్ర 49 గంటలు. అన్నీ కూడితే 122. ఇంకా 46 గంటలు మిగిలాయి. పరవాలేదే అనిపిస్తోంది కదా?

తొందరపడకండి. ఇంటిపని ఇంకా లెక్కలోకి రాలేదు. మన దేశంలో 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. 299 నిమిషాలంటే దాదాపు 5 గంటలు. వారానికి 35. మన ఇంటి అలవాటే విమానమెక్కి అక్కడికీ వెళ్లిందనుకుంటే, 46 గంటలలో 35 పోగా మిగిలేవి 11. రోజుకు సుమారు గంటన్నర. స్నానం, భోజనం, పిల్లలతో మాట్లాడటం, ఊరికి ఫోను చేయడం అన్నీ అందులోనే జరగాలి.

ఇది నిలబడే లెక్క కాదు. అటువంటప్పుడు చాలామంది మొదట కోసుకునేది నిద్రను. అది అన్నిటికంటే ప్రమాదకరమైన కోత. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనంతో సమానమని పరిశోధనలు చూపాయి. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 0.03 శాతం. రాత్రి డ్యూటీ ముగించుకుని, నిద్ర లేకుండా కారు నడుపుతూ శిక్షణకు వెళ్లే నర్సు పరిస్థితి ఆలోచించండి. అక్కడ ఆమె మందు మోతాదు లెక్కకట్టాలి. పొరపాటు జరిగితే దెబ్బ తగిలేది రోగికి. కాబట్టి చదువు కోసం నిద్ర మానుకోవడాన్ని త్యాగం అనకూడదు.

మరి ఏం చేయాలి? నాలుగు మార్గాలు చెబుతాను.

మొదటిది, తొందరను తగ్గించుకోవడం. 1000 గంటలను వారానికి 16 చొప్పున పంచితే సుమారు 63 వారాలు, అంటే నాలుగు సెమిస్టర్ల పైమాట. పార్ట్‌టైమ్ పద్ధతిలో చేరితే వారపు భారం తగ్గుతుంది, సంవత్సరాలు పెరుగుతాయి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ సంస్థ 2015 నాటికి ఇటువంటి ఉన్నత శిక్షణ డాక్టరేట్ స్థాయికి మారాలని 2004లో తీర్మానించింది. కాని నేటికీ మాస్టర్స్ పట్టాతో నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చు. ముందు మాస్టర్స్ ముగించి, పిల్లలు కొంచెం ఎదిగాక డి.ఎన్.పి.లో చేరడం వెనకడుగు వేయడం కాదు. మెట్టు మెట్టుగా ఎక్కడం.

రెండవది, పని చేసే చోట ముందే మాట్లాడటం. డ్యూటీ పట్టిక వేసేవారికి సెమిస్టర్ మొదలుకాక ముందే పరీక్షల తేదీలు ఇవ్వాలి. చాలా ఆసుపత్రులు ఫీజులో కొంత భాగం భరిస్తాయి. బదులుగా కొన్ని సంవత్సరాలు అక్కడే పనిచేయాలని షరతు పెట్టవచ్చు. సంతకం చేసేముందు ఆ షరతు చదువుకోవాలి. ప్రాజెక్టును కూడా తన వార్డు సమస్యపైనే ఎంచుకుంటే, కళాశాల అనుమతిస్తే, ఒకే ప్రయాణంలో రెండు పనులు జరుగుతాయి.

మూడవది, పెద్దల సహాయాన్ని ప్రణాళికతో వాడుకోవడం. మన ఇళ్లలో అమ్మగారు ఒకసారి, అత్తగారు ఒకసారి అమెరికా వెళ్లి పిల్లల్ని చూసుకోవడం మామూలే. సందర్శకుల వీసాపై వెళ్లినవారిని సాధారణంగా ఒక్కసారికి ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆరు నెలలంటే 26 వారాలు. ఆ కాలంలో వారానికి 20 గంటల చొప్పున శిక్షణ పెట్టుకుంటే 520 గంటలు, సగానికి పైగా పూర్తవుతుంది. అయితే ఒక మాట మరచిపోకూడదు. వారు వయసు మీరినవారు. బి.పి., మోకాళ్ల నొప్పులు ఉండవచ్చు. భాష తెలియని ఊళ్లో పగలంతా నాలుగు గోడల మధ్య ఉంటారు. వారికీ సెలవు రోజు కావాలి, మాట్లాడే మనిషి కావాలి.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంటిపనిని పంచుకోవడం. ఇందాకటి లెక్కలో ఆ 35 గంటలలో సగం భర్త తీసుకున్నాడనుకోండి. ఆమెకు మిగిలే 11 గంటలు ఒక్కసారిగా 28న్నర అవుతాయి. రోజుకు గంటన్నర కాస్తా నాలుగు గంటలవుతుంది. ఏ స్కాలర్‌షిప్పూ ఇంత సమయం ఇవ్వలేదు. ఇక్కడ ఒక తేడా గమనించండి. "చెప్పు, సాయం చేస్తాను" అన్నప్పుడు పని ఇంకా ఆమెదే. ఏ పని ఎప్పుడు చేయాలో గుర్తుపెట్టుకుని చెప్పే భారమూ ఆమెదే. "మంగళ, గురువారాల వంట, పిల్లల బడి నాది" అన్నప్పుడు మాత్రమే ఆ పని ఆమె తల మీద నుంచి దిగుతుంది. నర్సింగ్ చదివే అబ్బాయిలూ ఉన్నారు. వారి ఇంట్లోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పిల్లల మాట కూడా చెప్పుకోవాలి. అమ్మ ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే పిల్లల్ని ఎక్కువగా కలవరపెడుతుంది. గోడ మీద క్యాలెండరు పెట్టి, డ్యూటీ రోజుకు ఒక రంగు, చదువు రోజుకు ఒక రంగు, పూర్తిగా పిల్లలదైన రోజుకు ఒక రంగు వేస్తే నాలుగేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. ఆ మూడో రంగు రోజును మాత్రం ఏ పరీక్ష కోసమూ మార్చకూడదు.

ఇక మన దేశం సంగతి చూద్దాం. 1946లో ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ నాలుగేళ్ల బి.ఎస్సి. నర్సింగ్ మొదలైంది. ఇటీవలి కాలంలో భారత నర్సింగ్ కౌన్సిల్ తీవ్ర సంరక్షణ విభాగంలో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రూపొందించింది. ఇది రెసిడెన్సీ పద్ధతి. ఐ.సి.యు.లో పని చేస్తూనే నేర్చుకోవాలి. తెలంగాణ 2017లో వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించింది. 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ వృత్తులకు కొత్త జాతీయ కమిషన్ ఏర్పాటు చేసే చట్టం చేసింది. అంటే దారులు ఇక్కడా తెరుచుకుంటున్నాయి. ఆ దారిలో నడిచేవారి ఇంటి లెక్క మాత్రం అమెరికాలోనైనా, అనంతపురంలోనైనా ఒక్కటే.

ఈ ప్రసంగం ముగించే ముందు మీకొక అభ్యాసం ఇస్తున్నాను. ఒక కాగితం తీసుకోండి. ఈ వారం మీ అమ్మగారి 168 గంటలు ఎలా ఖర్చవుతున్నాయో రాయండి. నిద్ర ఎంత, ఉద్యోగమో పొలం పనో ఎంత, వంట ఎంత, నీళ్లు పట్టడం ఎంత, ఆమె కోసం ఆమె గడిపిన సమయం ఎంత. చివరి అంకె చూశాక, పైనున్న వాటిలో మీరు తీసుకోగలిగిన పని ఏదో నిర్ణయించుకుని, దాని ఎదురుగా మీ పేరు రాయండి. మీ ఇంట్లో ఎవరైనా మళ్లీ పుస్తకం పట్టాలనుకుంటే, వారికి కావలసిన గంట అక్కడే దొరుకుతుంది.