సీటు వచ్చిన తరువాత



రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసం అనుభవించిన అనంతరం, బి.ఏ. చదవదలచి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. స్త్రీలకు వసతిగృహం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించారు. ఆమె వెనుదిరగలేదు. ఇదే కారణంతో చదువు ఆగిపోయిన యువతులు తనను సంప్రదించవలసిందిగా పత్రికలో ప్రకటన ఇచ్చారు. ముందుకు వచ్చినవారితో కలిసి ఒక వసతిగృహం ఏర్పాటు చేసుకొన్నారు. విశ్వవిద్యాలయం ప్రవేశమిచ్చింది. తదనంతరం మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించారు. ఈ నగరంలోనే ఆంధ్ర మహిళా సభను స్థాపించినదీ ఆమే. 1958లో భారత ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి ఆమే అధ్యక్షురాలు.

నాటి స్థితి నేడు చాలవరకు మారింది. 2021-22 అఖిల భారత ఉన్నతవిద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నతవిద్య అభ్యసిస్తున్నవారు సుమారు 4.33 కోట్లు, వారిలో స్త్రీలు 2.07 కోట్లు. 18-23 ఏళ్ల వయస్సువారి జనాభాతో పోల్చి లెక్కించే నమోదు నిష్పత్తి స్త్రీలలో 28.5 శాతం, పురుషులలో 28.3 శాతం. తమిళనాడులో ఇరువురికీ కలిపి ఈ నిష్పత్తి 47 శాతం.

ఈ అంకెలు చూసి అంతరం తొలగిపోయిందని భావించడం తొందరపాటు. విజ్ఞానశాస్త్ర విభాగాలలో సగానికి పైగా విద్యార్థినులే. ఇంజనీరింగులో మాత్రం పదిమందిలో సుమారు ముగ్గురు. ఐఐటీలలో విద్యార్థినుల సంఖ్య మరీ స్వల్పంగా ఉండడంతో 2018 నుండి వారికి అదనపు సీట్లు కేటాయించవలసి వచ్చింది. ఆ విద్యకు అయ్యే ఖర్చు ఎక్కువ, శిక్షణకాలం దీర్ఘం, కళాశాల తరచు దూరప్రాంతంలో ఉంటుంది. కొడుకు విషయంలో పెట్టుబడిగా కనిపించే ఈ మూడూ కూతురి విషయంలో భారంగా తోచే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థినులపై జరిగిన ఒక పరిశోధనలో, సురక్షితమైన ప్రయాణమార్గం కోసం వారు మెరుగైన కళాశాలను సైతం వదులుకొంటున్నట్లు తేలింది. అటువంటి అమ్మాయి నమోదు లెక్కలో ఉంటుంది. ఆమె వదులుకొన్న కళాశాల ఏ లెక్కలోనూ ఉండదు.

పొట్టచేత పట్టుకొని నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాలలో ఈ సంకోచం మరింత సహజం. చుట్టాలు దూరం, ఊరు కొత్త, భాష వేరు. తండ్రి పనికి వెళ్లే వేళకు కూతురు కళాశాలకు బయలుదేరాలి. చీకటిపడిన తరువాత ఎవరు ఎదురువెళ్లాలన్నదే ఇంట్లో మొదటి ప్రశ్న.

కొంత ఆసరా లేకపోలేదు. 2021 మే నుండి నగరంలోని సాధారణ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో 6 నుండి 12వ తరగతి వరకు చదివి పైచదువులకు వెళ్లిన బాలికలకు 'పుదుమై పెణ్' పథకం కింద నెలకు 1,000 రూపాయలు లభిస్తాయి. ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా ఇందుకు అడ్డు కాదు. అయితే ఎనిమిదో, తొమ్మిదో తరగతి వరకు స్వగ్రామంలో చదివి వలసవచ్చిన పిల్లకు ఈ 6వ తరగతి నిబంధనే అడ్డవుతుంది. అందువల్ల బాలికను ఎప్పుడు, ఏ పాఠశాలలో చేర్చాలన్న నిర్ణయం కళాశాల చదువుకు ఎంతో ముందే ఆలోచించవలసినది.

వసతిగృహం లేదని తెలిసినప్పుడు దుర్గాబాయి తనవంటివారిని వెతికారు. నేడు ప్రతి వీధిలో, ప్రతి తెలుగు సంఘంలో చేయదగిన పని అదే. ఒకే దారిన వెళ్లే అమ్మాయిలు కలిసి బస్సు ఎక్కవచ్చు. తల్లిదండ్రులు నలుగురు కలిసి వెళ్లి వసతిగృహాన్ని చూసి రావచ్చు. ఇప్పటికే చదువుతున్న పెద్దపిల్ల, చేరబోయే చిన్నపిల్ల ఇంటికి వచ్చి ఆ తల్లికి ధైర్యం చెప్పవచ్చు. సీటు సంపాదించుకోవడం అమ్మాయి వంతు. ఆ సీటు ఖాళీగా మిగలకుండా చూడడం పెద్దల వంతు.