క్యాన్సరు రోగికి నడక అవసరమే



క్యాన్సరు అన్న మాట చెవిన పడగానే మన ఇళ్ళలో మొదట జరిగే పని రోగికి మంచం వేయడం. "నువ్వు లేవకమ్మా, మేమున్నాం గదా" అంటూ మంచినీళ్ళు కూడా చేతికే అందిస్తాం. ప్రేమతోనే చేస్తాం. కాని ఆ ప్రేమే రోగిని మరింత నీరసపెడుతుంది. ఈ ఒక్క సంగతి మీ ముందు పెడదామనే ఇవాళ మా ప్రయత్నం.

కీమో మందుల వల్ల, కరెంటు పెట్టడం వల్ల వచ్చే అలసట నిద్రపోతే తీరేది కాదు. పడుకున్న కొద్దీ కండ కరుగుతుంది. కండ కరిగిన కొద్దీ అలసట పెరుగుతుంది. వెనుకటి రోజుల్లో డాక్టర్లు కూడా విశ్రాంతి తీసుకొమ్మనేవారు. 2010లో అమెరికాలోని క్రీడావైద్య నిపుణులు ఈ విషయమంతా పరిశీలించి, క్యాన్సరు రోగులు కదలకుండా ఉండరాదని తేల్చారు. 2019లో మోతాదు కూడా చెప్పారు: వారానికి 3 రోజులు, రోజుకు 30 నిమిషాల నడకవంటి వ్యాయామం. దానివల్ల అలసట, ఆందోళన, దిగులు తగ్గుతాయి.

పెద్దపేగు క్యాన్సరుకు ఆపరేషను, కీమో పూర్తయిన 889 మందిపై జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. 3 సంవత్సరాలు పద్ధతిగా వ్యాయామం చేసినవారిలో 5 ఏళ్ళకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 80 మంది. సలహాల పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో 74 మంది. అయితే వ్యాయామం మందుకు తోడేగాని మందుకు బదులు కాదు. చికిత్స మానకూడదు.

మరి ఎలా మొదలుపెట్టాలి? మొదట 5 నిమిషాలు వాకిట్లో నడిస్తే చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, అదే కొలత. ఓపికను బట్టి మెల్లగా పెంచాలి. మన బొగ్గుగనుల ప్రాంతపు ఎండలు తెలిసినవే గనుక ఫజర్ తర్వాతగాని, పొద్దుగూకాకగాని నడవాలి. కీమోతో అరికాళ్ళు తిమ్మిరెక్కినవారు చెప్పులు తొడుక్కొని, ఒకరి చేయి పట్టుకొని నడవాలి. నడవలేనివారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం 5 సార్లు చేసినా వ్యాయామమే. రొమ్ము ఆపరేషను అయిన తల్లులు డాక్టరు చెప్పాక గోడ మీద వేళ్ళు పాకిస్తూ చేయి పైకెత్తాలి, లేకుంటే భుజం బిగుసుకుంటుంది. గుట్కా, జర్దాల వల్ల నోటి క్యాన్సరు వచ్చి కరెంటు పెట్టించుకునేవారు రోజూ నోరు తెరిచి మూసే అభ్యాసం చేయకపోతే దవడ పట్టేసి, ముద్ద దిగడమే కష్టమవుతుంది.

ఆగవలసిన సందర్భాలూ ఉన్నాయి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే నడక సంగతి అటుంచి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఛాతీనొప్పి, తలతిరుగుడు, ఆయాసం వస్తే ఆపేయాలి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారు, వ్యాధి ఎముకలకు పాకినవారు డాక్టరును అడగందే ఏదీ మొదలుపెట్టరాదు. వంగడం కష్టమైతే నమాజు కూర్చొని చేసుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన క్యాన్సరు ఆస్పత్రి, దరిమిలా గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీదనే నడుస్తున్నది. అక్కడికి వెళ్ళినా, మరో ఆస్పత్రికి వెళ్ళినా మందుల చీటీతోపాటు "మా మనిషి ఎంత నడవచ్చు, ఏ పని చేయకూడదు?" అని అడిగి రాయించుకోండి.

చివరగా మా మనవి ఒక్కటే. రోగిని పరామర్శించడం మనకు పుణ్యకార్యం. దగ్గు, జలుబు ఉన్నప్పుడు వెళ్ళకండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వెళ్ళి, పండ్లు పక్కన పెట్టి, "లే భాయీ, గుమ్మం దాకా నడిచొద్దాం" అని చేయి అందించండి. బజారుకు రావడానికి సంకోచించే ఆడవాళ్ళకు ఇంటి వసారా చాలు, తోడుగా ఒక చెల్లెలు చాలు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. సెలవు.