దేశాలు దాటిన పౌరసత్వం - స్త్రీలు



దేశపు సరిహద్దులు దాటి పౌరసత్వం ఉండగలదా? ఉండగలదని యూరప్ దేశాలు చట్టం చేశాయి. 1992లో సంతకాలు జరిగి, 1993 నవంబరులో అమల్లోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ‘యూరోపియన్ యూనియన్ పౌరసత్వా’న్ని సృష్టించింది. ఒక సభ్యదేశపు పౌరులు మరో సభ్యదేశంలో నివసించవచ్చు, అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన ఖండంలో ఇది చిన్న విషయం కాదు. అయితే స్త్రీల వైపు నుంచి చూస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటిది: ఎవరికి ఇందులో చోటు? సభ్యదేశపు పౌరసత్వం ఉన్నవాళ్ళకే. 1961 ఒప్పందం తర్వాత టర్కీ నుంచి పశ్చిమ జర్మనీ ఫ్యాక్టరీలకు వెళ్ళిన కార్మికుల్లో స్త్రీలూ ఉన్నారు. విదేశీయులకు స్థానిక ఓటుహక్కు ఇవ్వబోయిన రెండు రాష్ట్రాల చట్టాలను జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 1990లో కొట్టేసింది. మాస్ట్రిక్ట్ తర్వాత నిన్నగాక మొన్న వచ్చిన ఇటలీ స్త్రీకి ఆ హక్కు దక్కింది. ముప్ఫై ఏళ్ళు అక్కడే చాకిరీ చేసిన టర్కీ స్త్రీకి దక్కలేదు. ఆమె జర్మన్ పౌరురాలు కావాలంటే సాధారణంగా టర్కీ పౌరసత్వం వదులుకోవాలి. ఈ నియమం 2024 దాకా సాగింది. పుట్టింటిని మరిచిపోతేనే మెట్టినింట్లో చోటు అనే షరతు మనకు కొత్తది కాదు.

రెండవది: ఏది పని? 2004 నాటి యూనియన్ చట్టం ప్రకారం మరో సభ్యదేశంలో మూడు నెలలు దాటి ఉండాలంటే ఉద్యోగమో, స్వయం ఉపాధో ఉండాలి. లేదా సరిపడా ఆదాయం, ఆరోగ్య బీమా చూపాలి. ఇవేవీ లేక పిల్లల్నీ ముసలివాళ్ళనీ సాకే స్త్రీ మొదటి అయిదేళ్ళూ ఎక్కువగా భర్త హక్కు మీద ఆధారపడే ఉంటుంది. గర్భం చివరి నెలల్లో పని మానేసినా ‘కార్మికురాలి’ హోదా పోదని 2014లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. మంచి తీర్పే. కానీ ప్రసవం తర్వాత తగిన వ్యవధిలో తిరిగి ఉద్యోగంలో చేరాలన్నది షరతు. బిడ్డను పెంచడం మాత్రం పనుల లెక్కలోకి రాలేదు.

పౌరసత్వం పరిధి ఒక ఖండమంత పెరిగినా దాని పునాదిలో పాస్‌పోర్టూ, జీతమూ అలాగే ఉండిపోయాయి. ఏళ్ళ తరబడి ఒకచోట బతకడం, మనుషుల్ని సాకడం కూడా హక్కుకు ఆధారాలు కావాలి. హక్కుల కోసం పనిచేసే మనం ఏ పౌరసత్వ చట్టం చేతికొచ్చినా ముందుగా చూడవలసింది ఇదే: ఎవరి నివాసం లెక్కకొచ్చింది, ఎవరి శ్రమ లెక్కకు రాలేదు?